నాన్న ఇంటికొస్తే నిద్రపోయే లాప్‌టాప్

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నీకింకా రాలేదని మా చెల్లి అంటుంది. వయసు రాకపోతే పోనీ, ఆ రోజులు మాత్రం పోయాయి కదా. అప్పట్లో హిందీ ఊరైన బిలాస్‌పూర్‌లో, మా రైల్వే కాలనీలో ఉద్యోగమంటే ఇల్లు దాటి వెళ్ళేది. మనుషులు డ్యూటీకి పోతారు, డ్యూటీ నుంచి వస్తారు, మిగిలిన వేళ నిద్రపోతారు; జీవితంలో ఇంకేముంటుందని ఎవరూ అడగరు. అలాంటి చోట నేను మా క్వార్టరు ముందుగదిలో, కింద లుంగీ, పైన ఇస్త్రీ చొక్కాతో కూర్చుని, హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి పనిచేసేవాణ్ణి. వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి, పాపం ఈ అబ్బాయికి ఇంకా ఏదీ దొరకలేదు కాబోలని జాలిపడి పోయేవారు. నా పనల్లా ఎక్కడెక్కడి ఆఫీసుల్లోనో లినక్స్ మీద నడిచే కంప్యూటర్లు మొరాయిస్తే ఇక్కణ్ణుంచే బాగుచేయడం. (షెడ్డుకి వెళ్ళకుండా ఇంజను రిపేరు చేయడమని పక్కింటి లోకో మామకి చెప్పాను. ఆయన ఇంజను డ్రైవరు. అప్పట్నుంచి ఆయన నన్ను కొంచెం అనుమానంగా చూసేవాడు.) అది నా మొదటి ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. అయినా ప్రపంచంలోని లినక్స్ అంతా నా భుజాల మీదే నడుస్తోందన్నంత ధీమా ఉండేది నాకు.

నా లాప్‌టాప్ ఎక్కడో ఆఫీసులో సర్వీసు పూర్తిచేసుకుని, రిటైరయ్యాక నా దగ్గర మళ్ళీ డ్యూటీలో చేరింది. దాన్ని పెట్టుకోవడానికి టేబులు లేదు. మా తాత గార్డుగా ఉన్నప్పటి లైన్ బాక్సు ఒకటి ముందుగదిలో ఉండేది. గార్డులు జెండాలు, దీపాలు, తమకు కావలసిన సామానంతా వేసుకుని బండెక్కే ఇనప్పెట్టె అది. పనికిరాదని పక్కన పడేశాక ఎలాగో మా ఇంటికి చేరింది (ఎలాగో అని మాత్రం అడగకండి). దాని మీద ఒక ప్లాస్టిక్ షీటు పరిచి, షీటు మీద లాప్‌టాప్ పెట్టి, నేను ముక్కాలిపీట మీద కూర్చునేవాణ్ణి. వీడియో కాల్‌లో నా వెనక తెల్లగోడ మాత్రమే కనిపించేది కాబట్టి, నేనేదో ఆఫీసు గదిలో కూర్చున్నానని అవతలివాళ్ళు అనుకునేవారు. వంటింట్లో పోపు వేగినప్పుడు మాత్రం కొంచెం ఇబ్బంది.

మా నాన్న కూడా గార్డే, గూడ్సు బండి మీద. ఆ ఉద్యోగానికి పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అన్నారు గానీ, ఆ మాట వాడగా నేను విన్నది మా అమ్మ ఒక్కత్తినే, అదీ కోపం వచ్చినప్పుడు. "మేనేజరుగారు బియ్యం తెస్తారేటి, లేపోతే నానే వెళ్ళాలేటి?" అనేది. నాన్న మాట తక్కువ మనిషి. బొగ్గు బండి వెనక ఒక్కడే గంటలకొద్దీ కూర్చునే మనిషికి మాటలు ఎక్కడ అలవాటవుతాయి? డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఆయన చేసే పనులన్నీ ఒక వరసలో జరిగేవి. బూట్లు గుమ్మం పక్కన, విజిలు మేకుకి, మూడు రంగుల టార్చి చేతికందే చోట పెట్టె అంచుకి, ఆ తరవాత కాళ్ళు కడుక్కోవడం, టీ. నాకు ఉద్యోగం వచ్చాక ఆ వరస చివర ఇంకొకటి చేరింది. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. కొడుకు డ్యూటీ చేస్తుంటే చూస్తూ టీ తాగేవాడు, అంతే. అలా చూడటం ఆయనకి ఎంత ఇష్టమో ఆ కుర్చీ లాక్కునే తీరులోనే తెలిసేది.

సరిగ్గా ఆ వేసవిలోనే నా లాప్‌టాప్‌కి నిద్రరోగం పట్టుకుంది. ఎవరితోనో గంభీరంగా మాట్లాడుతూ, ఇదిగో ఇప్పుడే సరిచేస్తున్నాను సార్, అంటూండగా తెర నల్లబడేది. ఛార్జరు పెట్టే ఉండేది, కరెంటూ ఉండేది. పవర్ బటన్ నొక్కితే ఒక్క క్షణం కళ్ళు తెరిచి, నేనే కదా అని చూసి, మళ్ళీ పడుకునేది. కాసేపటికి దానంతటదే లేచి, ఏమీ ఎరగనట్టు పనిచేసేది. ఈలోపు అవతలివాళ్ళు మా కంపెనీకి ఫోన్ చేసి, మీ ఇంజనీరు మాట మధ్యలో మాయమయ్యాడని చెప్పేవారు. నేను నాకు తెలిసిన వైద్యాలన్నీ చేశాను. ఎంతసేపు ఊరికే ఉంటే నిద్రపోవాలి అన్నచోట ఎప్పుడూ వద్దు అని పెట్టాను. బ్యాటరీ పొదుపు చేసే ప్రోగ్రాములన్నీ పీకేశాను. లినక్స్‌కి ప్రాణం లాంటి కెర్నల్ మార్చాను, నచ్చక పాతది పెట్టాను, మళ్ళీ కొత్తది పెట్టాను. చివరికి కంప్యూటరు తనకు జరిగిందంతా రాసుకునే లాగ్ తెరిచి చూస్తే, ప్రతిసారీ నిద్రకి ముందు ఒకే మాట రాసి ఉంది: మూత మూశారు. మూత నా ముఖానికి ఎదురుగా బార్లా తెరిచి ఉంది. నా అంత తెలివైనవాడికి యంత్రం అబద్ధం చెబుతోందని తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పోనీ మూత మూసినా పట్టించుకోవద్దని సెట్టింగుల ఫైల్లో రాశాను. అదీ పనిచేయలేదు. (ఆ వాక్యం ముందు అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసిన కిటికీ జాలీలాంటి గుర్తు (#) ఒకటి ఉంటుంది. అది ఉన్నంతసేపూ ఆ వాక్యాన్ని కంప్యూటరు చదవదు. అది తీసేయాలని నేను ఇద్దరు క్లయింట్లకి విసుక్కుంటూ చెప్పాను కూడా. నా ఫైల్లో మాత్రం దాన్ని అలాగే ఉంచాను.)

రైల్వేలో ఒక ఆచారం ఉంది. ఎక్కడైనా వ్యాగను పట్టాలు దిగితే అన్ని డిపార్టుమెంట్ల సూపర్‌వైజర్లూ అక్కడ చేరి, అందరూ కలిసి జాయింట్ నోట్ రాస్తారు. తప్పు ఎవరిదో తేల్చే కాగితం అది. పట్టాల వాళ్ళు చక్రం బాగోలేదంటారు, చక్రాల వాళ్ళు పట్టా బాగోలేదంటారు, ఇద్దరూ కలిసి డ్రైవరు వేగంగా నడిపాడంటారు. ఇంటి నిండా రైల్వే రక్తమే కాబట్టి మా లాప్‌టాప్ మీద కూడా అలాంటి ఎంక్వయిరీ ఒక సాయంత్రం దానంతటదే మొదలైంది. లోకో మామ వచ్చి, "వోల్టేజి సరిగా లేదురా, ఎలక్ట్రికల్ వాళ్ళని పట్టుకో" అన్నాడు. అమ్మ, "ఈ ఎండకి మనుసులే సోలిపోతన్నారు, అదేటి లెక్క?" అంది. చెల్లికి అన్నిటికీ ఒకటే మందు. "భయ్యా, నేను బోలీ థీ నా, ముందే చెప్పా కదా, ఆ లినక్స్ తీసేయ్. సబ్ లోగ్ విండోస్ వాడతారు, నీకే ఎందుకు ఈ నాటకం" అంది. నేను నేరం కెర్నల్ మీదికి తోశాను, అది అక్కడ ఉండి జవాబు చెప్పలేదు కాబట్టి. నాన్న కుర్చీలో కూర్చుని అందరి వాంగ్మూలాలూ విన్నాడు.

అప్పుడు చెల్లి ఉన్నట్టుండి కళ్ళు పెద్దవి చేసి, "ఏక్ మినట్. పాపా వస్తేనే పడుకుంటుంది కదా ఇది?" అంది నాన్న వైపు చూపిస్తూ. అందరం నవ్వాం. నవ్వుతూనే అమ్మ ఆలోచనలో పడింది. నాన్న డ్యూటీలు అమ్మకి నోటికొచ్చు, ఏ బండి ఎప్పుడెక్కాడో, ఎప్పుడు దిగాడో. "అవును గదా," అంది మెల్లగా. "మొన్న కోర్బా నుంచి వొచ్చినపుడు పడుకుండిపోనాది. ఆయన మంచం మీదికెల్లగానే లేచింది. అంతకు ముందూ అలగే." ఎవరూ కావాలని అనలేదు గానీ, అందరి చూపులూ ఒకేసారి ఆ ప్లాస్టిక్ కుర్చీ మీదికి వెళ్ళాయి. లోకో మామకి పండగయింది. డ్రైవరుకీ గార్డుకీ ఉన్న పాత లెక్కలన్నీ ఆ ఒక్క పూటలో తీర్చుకున్నాడు. "అచ్ఛా, గార్డుగారు ఎర్ర దీపం చూపిస్తే ఆగకుండా ఎలగుంటాదిరా, పాపం" అన్నాడు. ఎర్రదీపం మాటకి ఇల్లంతా పగలబడి నవ్వింది. అప్పటికే లాప్‌టాప్ నల్లబడి ఉంది. నాన్న కూడా నవ్వి, తన సామాను తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఆయన గడప దాటాడో లేదో తెర వెలిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మరునాటి నుంచి నాన్న డ్యూటీ దిగొచ్చి వరండాలోనే కూర్చోవడం మొదలుపెట్టాడు. టార్చి గ్రిల్లుకి, విజిలు గ్రిల్లుకి, స్టూలు గోడకి. "ఇక్కడ గాలి బాగుందిరా" అన్నాడు. బిలాస్‌పూర్ మే నెలలో, కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు వచ్చే రోజుల్లో, పడమటి ఎండ కొట్టే వరండాలో గాలి. అది గాలి కాదని నాకు తెలుసు. అమ్మకి తెలుసు. అసలు బాధేమిటంటే లాప్‌టాప్ బాగా పనిచేయసాగింది. కాల్స్ తెగడం లేదు. సంతోషించాల్సిన చోట నాకు అన్నం సహించేది కాదు. మా నాన్నకి నష్టజాతకం అంటగట్టి నేను ఉద్యోగం కాపాడుకుంటున్నట్టు అనిపించేది. లినక్స్ చదువుకున్నవాణ్ణి, నమ్మకూడదు. కానీ ప్రతి రోజూ అదే రుజువవుతోంది.

ఇంతలో మా టీమ్ లీడ్ ఫోన్ చేసింది. ఆవిడని అందరం మేడమ్ అనేవాళ్ళం. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి; అందుకే ఎక్కువ భయం. "నిన్ను పర్మనెంట్ చేయాలా వద్దా అని సోమవారం రాసి పంపాలి నేను," అంది. "నీ పని బాగుంది. కానీ కాల్స్ మధ్యలో పోయావని మూడు చోట్ల నుంచి చెప్పారు. సొంత మెషిన్‌కి వచ్చిన జబ్బు కనిపెట్టలేనివాడికి క్లయింట్ల మెషిన్లు ఎలా అప్పగించమంటావు? సోమవారం కాల్‌లో కారణం చూపించు. కారణం లేకపోతే నేను కూడా ఏం చేయలేను." ఇప్పుడు బాగానే ఉంది మేడమ్ అన్నాను. ఎందుకు బాగుందో చెప్పమంది. లాగ్ ఏమంటోందని అడిగింది. మూత మూసినట్టు అబద్ధం రాస్తోందన్నాను. "దానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది?" అంది మేడమ్. "మూత మూశారని దానికి ఏదో చెప్పింది. అది నమ్మింది. చెప్పిందేదో వెతుకు." ఇక దాచి లాభం లేక, తల దించుకుని (ఫోన్లో తల దించుకుంటే ఎవరికి కనిపిస్తుంది) మేడమ్, మా నాన్న పక్కన ఉంటేనే నిద్రపోతోంది అని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మంచి ఆధారం దొరికింది కదా, మరి ఆయన్ని బయట ఎందుకు కూర్చోబెట్టావు?" అంది.

నాన్నకి విషయం ఎలా చెప్పాలో తెలియక, సోమవారం నా పక్కన కూర్చుంటావా అని మాత్రం అడిగాను. ఆయన సంగతంతా విని, "మత్లబ్, ట్రయల్ అన్నమాట" అన్నాడు. కళ్ళలో ఎన్నడూ చూడని హుషారు. పట్టాలు దిగిన బండి ఎందుకు దిగిందో తెలియకపోతే, అదే లోడు, అదే వేగం పెట్టి నడిపి చూడాలట. ఒక్కటి మారినా ఆ ట్రయల్ చెల్లదట. సోమవారం ఆయనకి రెస్టు. అయినా తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేయించి తొడుక్కున్నాడు, బూట్లు వేసుకున్నాడు, అమ్మని టీ పెట్టమన్నాడు, నేను కాల్ మొదలుపెట్టాక వీధి చివరి వరకూ వెళ్ళి డ్యూటీ దిగినవాడిలా నడిచి వచ్చాడు. కిటికీలోంచి ఆ రావడం చూస్తుంటే నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. కొడుకు ఉద్యోగం కోసం తనే నేరస్థుడని రుజువు చేసుకోవడానికి అంత శ్రద్ధగా తయారై వస్తున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మేడమ్ తెర మీద ఉంది. నాన్న గుమ్మంలో బూట్లు విప్పాడు. లాప్‌టాప్ మెలకువగానే ఉంది. విజిలు మేకుకి తగిలించాడు. మెలకువగానే ఉంది. జేబులోంచి టార్చి తీసి, చూడకుండానే, చెయ్యి అలవాటు కొద్దీ పెట్టె అంచుకి ఆనించాడు. టక్ మని అంటుకుంది. తెర నల్లబడింది, మేడమ్ మాయమైంది. అమ్మ టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. నేను బటన్ మీద చెయ్యి వేయబోతే నాన్న, "ఆగు" అన్నాడు. కుర్చీ లాక్కోలేదు, నా వైపు చూడలేదు. టార్చిని పెట్టె నుంచి లాగాడు. తెర వెలిగింది. మళ్ళీ అంటించాడు. ఆరింది. బండి చివర గార్డు కూర్చునే బ్రేక్‌వ్యానులో గోడకి అంటుకుని ఉండటానికి ఆ టార్చి అడుగున అయస్కాంతం ఉంటుంది. మూత మూశారో లేదో చెప్పే మీట లాప్‌టాప్‌లో ఎడమ అరచెయ్యి ఆనే చోట లోపల ఉంటుంది, మూతలోని అయస్కాంతం దగ్గరికొస్తే మూసినట్టు లెక్క. నాన్న తన టార్చిని రోజూ సరిగ్గా దాని కిందే అంటిస్తున్నాడు. వరండాకి పోతే టార్చి వరండాకి పోయేది, మంచం మీదికి పోతే తలగడ పక్కకి పోయేది. లాప్‌టాప్ ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

టార్చి తీయగానే కాల్ మళ్ళీ కలిసింది. నేను నోరు తెరిచేలోపే నాన్న వంగి, కెమెరా ఎక్కడుందో తెలియక కీబోర్డు వైపు చూస్తూ, "మేడమ్, నమస్తే. నాను ఈ పిల్లడి తండ్రిని. తప్పు నాది. నా టార్చి వల్ల అయినాది. ఇతని మీద రాయకండి, రాస్తే నా పేరు రాయండి" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా సర్వీసులో ఆయన ఎన్ని జాయింట్ నోట్లు చూశాడో. ఒక్కదాంట్లో కూడా ఎవరూ తప్పు నాది అని రాయలేదని ఆయనే ఒకసారి చెప్పాడు. "సార్, ముందు మీరు కూర్చోండి," అంది మేడమ్. "మీ అబ్బాయి కారణం చూపిస్తానన్నాడు, చూపించాడు. నాకు అదే కావాలి. మీలాంటి వాళ్ళు పక్కన ఉంటే మా పని సగం తగ్గుతుంది సార్." ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఖాయమని కబురొచ్చింది. దాంతోపాటు మేడమ్ దగ్గర్నుంచి చిన్న మాట కూడా: సెట్టింగుల ఫైల్లో ఆ జాలీ గుర్తు తీసేయి. (ఆవిడ ఎప్పుడు చూసిందో నాకు ఈ రోజుకీ తెలియదు.)

ఇల్లంతా సందడిగా ఉంది. లోకో మామ వచ్చి, గార్డు తప్పేనని తను ముందే చెప్పానని అందరికీ చెప్పుకుంటున్నాడు. నాన్న ఎక్కడా కనిపించలేదు. వంటింట్లో అమ్మని అడిగితే, పొయ్యి మీంచి కళ్ళు తిప్పకుండా, "ఇంకెక్కడుంటాడు, కిటికీ కిందే. ఇన్ని రోజులూ నీ మాటలినడానికే గదా అక్కడ కూకున్నాడు" అంది. నాకు అంతవరకూ తట్టలేదు. వరండాలో స్టూలు ఎప్పుడూ నా కిటికీ కిందే ఉండేది, అంత చోటుండి కూడా. బయటికి వెళ్ళాను. నాన్న గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, లోపలికి రా" అన్నాను.

"మీటింగు అయిపోనాది గదా, మరేటి?"

"ఏమీ లేదు. ఊరికే కూర్చుందాం."

వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నేను ముక్కాలిపీట మీద. కాసేపయ్యాక ఆయనే, కొంచెం మొహమాటంగా, "ఒరే, కెర్నల్ అంటే ఏటిరా? రోజూ ఎవురికో ఒకరికి సెప్తన్నావు. మిగతాది ఏదో కొంత పోల్చుకున్నాను గానీ, అదొక్కటీ బోధపడలేదు" అన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇంజను అన్నాను, కాదు బండ్లన్నిటినీ నడిపించే కంట్రోలరు అన్నాను, అదీ కాదని గార్డు అన్నాను, పెట్టె మీద వేలితో బొమ్మలు గీశాను, ఒకదానికొకటి పొసగని పోలికలన్నీ తెచ్చి కలగాపులగం చేశాను. టీ చల్లారిపోయింది. నాన్న ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు, ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే అదే విషయం నేను రెండు వాక్యాల్లో చెప్పగలను. ఎందరికో చెప్పాను కూడా. కొత్తగా చేరిన పిల్లలకి, క్లయింట్లకి, సూటూ బూటూ వేసుకున్న పెద్దలకి. అందరికీ అర్థమైంది. ఆ రోజు అర్థమయ్యేలా చెప్పడం చేతకాక, చెమటలు కక్కుతూ, ప్రపంచంలోని లినక్స్ అంతా తండ్రి ఎదుట పరిచేయాలని తాపత్రయపడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. అంత బాగా వినేవాళ్ళు వాడికి దొరికారు, ఆ తరవాత నాకు ఎవరూ దొరకలేదు.